అడ్డంకుల పరుగులో గెలుచుట ఎట్లు?

“పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలు” అని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత విన్న నేటి బాలుడు నవ్వును. పాలు కావలెనన్న పరుగెత్తక తప్పదు గదా యని వాని వాదము. వాని మాటలోను నిజము లేకపోలేదు. పరుగెత్తువాడు ఎక్కడ నిలువవలెనో ఎరిగినప్పుడే పాలు దక్కునని చెప్పుకొన్నచో ఇరువురి మాటయు నిలుచును. ఈ సంగతిని మాకు నేర్పినది ఒక విద్యార్థి చేతిలోని సెల్‌ఫోను.

సాయంకాలమగుసరికి పాతపాళ్యలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను, రచ్చకట్టల మీదను అంగళ్ళ ముందటను పిల్లలు నలుగురైదుగురు గుంపుగూడి ఒకే ఫోనులోనికి తలలు వంచి చూచుచుండుట మనకు నిత్యము కనబడు దృశ్యము. “చదువు చెడిపోయెను” అని తలిదండ్రులు వాపోవుదురు. “కండ్లు చెడిపోవును” అని అవ్వలు గొణుగుదురు. మేమును అట్లే అనుచుంటిమి. ఒకనాడు బడి విడిచిన పిమ్మట ఆవరణములోని వేపచెట్టు క్రింద ఫోను పట్టుకొని కూర్చున్న తొమ్మిదవ తరగతి విద్యార్థి నొకనిని మందలించి, ఫోనును చేతినుండి తీసికొంటిమి. వాడు తల వంచుకొని, “సార్, ఊరికే ఆడ్తా లేదు. ఈ పలక ఎందుకు ఒరుగుతాదో వీనికి చెప్తా ఉండాను” అనెను.

ఆ మాటకు మేము ఆగితిమి. “సరే, మాకును చెప్పుము” అంటిమి. వాడు పది నిమిషములు చెప్పెను. మధ్య ఆధారముపై నిలిచిన పొడవైన పలక. దానిపై ఒకవైపున జనము ఎక్కువైన ఆ వైపు క్రుంగును. అంచున నిలిచిన ఒక్కడు ఎదురు వైపున ఆధారమునకును అంచునకును నడుమ నిలిచిన ఇద్దరికి సరిదూగును. కావున పలక క్రుంగిన వైపునకు పరుగెత్తినవాడు జారిపడును. లేచిన వైపునకు పోయినవాడు పలకను సరిచేసి తానును దాటును. ఇది మేము తరగతిలో మీటలను గూర్చి చెప్పిన పాఠమే! ఆ పాఠమునుండి ప్రశ్న వేసినప్పుడు ఈ బాలుడే నోరు మెదపక నిలుచుండెను. చెట్టు క్రింద అతని నోట మా పాఠము మాకంటె తేటగా వచ్చినది. మేము ఫోనును తిరిగి ఇచ్చివేసితిమి. ఈ వ్యాసము ఆనాటి సిగ్గులోనుండి పుట్టినది.

ఈ ఆటను ఎరుగని తలిదండ్రుల కొరకు దాని స్వరూపమును కొంచెము చెప్పెదము. ఈ జాతి ఆటలలో ప్రసిద్ధమైనది “ఫాల్ గైస్”. లండన్ నగరమందలి మీడియాటానిక్ అను సంస్థ దీనిని రూపొందింపగా 2020 ఆగస్టు 4వ తేదీన విడుదలయ్యెను. ఆ నాడు ఒక్కొక్క పోటీలో 60 మంది వరకు, ఎవరి యింట వారు, ఎవరి దేశమున వారు కూర్చుండియే ఒకే మైదానమున పరుగెత్తుచుండిరి. 2022 జూన్ 21 నుండి ఇది వెల లేకుండ ఆడుటకు లభించుచున్నది. దీనిని పోలిన “స్టంబుల్ గైస్” అనునది ఫిన్లాండు దేశపు కిట్కా గేమ్స్ అను చిన్న సంస్థ చేసినది. అందు 32 మంది పోటీపడుదురు. మా విద్యార్థుల ఫోనులలో మేము ఎక్కువగా చూచినది ఈ రెండవదే. రెంటికిని మూలమైన ఊహ ఒక్కటే. 1986 నుండి 1990 వరకు జపాను దేశపు టెలివిజనులో “తకేషీస్ క్యాసిల్” అను వినోదము నడచెను. అందు సామాన్య జనులు తిరుగు దూలములను, జారుడు రాళ్ళను, బురదగుంటలను దాటుచు, పడుచు, లేచుచు, చూచువారిని నవ్వించెడివారు. ఆ వినోదమునే బొమ్మల రూపమున ఫోనులోనికి తెచ్చిరని చెప్పవచ్చును.

ఇక గెలుచు మార్గమును విచారింతము.

మొదట తెలిసికొనవలసినది, ఈ పోటీ ఒకే పరుగు కాదనునది. ఇది దశలు దశలుగా జరుగును. ఒక్కొక్క దశలో ఇంతమంది గమ్యము చేరిన చాలునను లెక్క యుండును. ఆ లెక్కలో చేరినవారందరు పై దశకు పోవుదురు. మొదటి దశలో మొదటివాడైనను, లెక్కలో చివరివాడైనను ఫలము సమానమే. క్రొత్తగా ఆడువాడు ఇది ఎరుగక ప్రారంభముననే గుడ్డెద్దు చేలో పడినట్లు దూకి, అందరి కాళ్ళక్రింద పడి, పోటీనుండియే తొలగిపోవును. ఎరిగినవాడు గుంపు తాకిడి తగ్గు దాక రెండు క్షణములు వెనుకనుండి, తెరపి దొరకగానే ముందుకు సాగును. ఎక్కడ మొదటివాడు కావలెనో, ఎక్కడ లెక్కలో ఉన్న చాలునో తెలిసికొనుటయే తొలి యుపాయము.

రెండవది, ముందువారిని చూచి నేర్చుకొనుట. “డోర్ డాష్” అను దశలో వరుసగా గోడలుండును. ప్రతి గోడకు కొన్ని తలుపులుండును. అందు కొన్ని తాకగనే విరిగి దారి ఇచ్చును, కొన్ని రాతిగోడవలె నిలిచియుండును. పైకి చూచిన అన్నియు ఒకటియే. అందరికంటె ముందు పోవువాడు తన తలతోనే పరీక్ష చేయవలసివచ్చును. కొంచెము వెనుకనున్నవాడు ఏ తలుపు విరిగినదో చూచి, తెరచిన దారిన నేరుగా పోవును. అయితే మరీ వెనుకబడిన దారి యున్నను కాలముండదు. ముందువాని అనుభవము అందునంత దగ్గరగా, వాని తప్పు తనకు తగులనంత దూరముగా నుండుటలోనే నేర్పున్నది.

మూడవది, గుంపును గుడ్డిగా అనుసరింపకుండుట. నలుగురితో నారాయణ యనుట భజనలో చెల్లును గాని, ఒరుగు పలక మీద చెల్లదు. మా విద్యార్థి వివరించిన “సీ సా” అను దశ ఇదియే. పదిమంది పోవు వైపు సురక్షితమని తోచును. ఆ పదిమంది బరువే ఆ పలకను క్రుంగదీయుచున్నదని ఎవ్వరికిని తోచదు. ఇక్కడ ఒక్కడు ఎదురు వైపునకు పోయిన తాను రక్షణ పొందుటయే గాక, పలకను సరిచేసి వెనుకవారికిని మేలు చేయును. పలక పూర్తిగా నిటారైనప్పుడు దానిపైకి దూకుట వ్యర్థము. అది మరల చదునగు వరకు నిలుచుటయే పరుగు.

నాల్గవది, అడ్డంకి యొక్క తాళమును పట్టుట. ఊగు గుండ్లు, తిరుగు రెక్కలు, త్రిప్పుడు పళ్ళెములు చూపునకు భయంకరముగా నుండును. కాని యంత్రమునకు కోపము లేదు. అది ఒకే కాలక్రమమున వచ్చుచు పోవుచుండును. గుండు తన యెదుటినుండి ప్రక్కకు తొలగిన క్షణమున బయలుదేరినవానికి అది మరల వచ్చులోపల దాటుటకు వ్యవధి యుండును. తిరుగు పళ్ళెముపై దాని తిరుగుడుకు ఎదురు పోయినవాడు అలసిపోవును, తిరుగుడుతో పోయినవాడు తేలికగా చేరును. మన ఆడుపిల్లలు త్రాడాటలో తిరుగుచున్న త్రాటిలోనికి దూకుటకు ముందు తలయూపుచు లెక్కపెట్టుకొనుట చూచినాము గదా! ఆ విద్యయే ఇది.

ఐదవది, పడిన తరువాతి నడవడి. సాధారణమైన పరుగులో పడినవాడు మొదటికి పోడు. తాను దాటిన కడపటి మజిలీ యొద్ద మరల లేచును. కావున ఒకమారు పడుట ఓటమి కాదు. పడిన కోపముతో వెంటనే అదే తప్పును మరల చేయుటయే ఓటమి. అయితే “స్లైమ్ క్లైంబ్” అను దశలో క్రిందినుండి జిగట ద్రవము పైకి పొంగుచుండును. అందు పడినవానికి రెండవ అవకాశము లేదు. పడినను లేవగల చోట సాహసింపవచ్చును. పడిన లేవలేని చోట ప్రతి అడుగును తూచి వేయవలెను. ఈ వివేకము ఆటకు మాత్రమే పనికివచ్చునదని మేము అనుకొనము.

చివరిది, గెలుపు చేతికందిన వేళ తొట్రుపడకుండుట. “ఫాల్ మౌంటెన్” అను కడపటి దశలో కొండ శిఖరమున కిరీటము వ్రేలాడుచు పైకి క్రిందికి కదలుచుండును. పైనుండి దొర్లివచ్చు బంతులను తప్పించుకొని అందరికంటె ముందు శిఖరము చేరినవాడు, కిరీటము పైకి లేచినప్పుడు ఆత్రముతో ఎగిరి, అందక క్రింద పడును. వెనుకనుండి వచ్చినవాడు అది దిగువరకు అర క్షణము ఆగి, ఎగిరి, పట్టుకొనును. పట్టుకొనుటకు వేరొక మీట నొక్కవలెనను సంగతిని మరచి, కిరీటమును తాకియు పోగొట్టుకొనువారును కలరు.

ఈ ఆరింటిని కలిపి చూచిన ఒక్క మాట తేలును. అడ్డంకుల పరుగులో గెలుపు కాలి వేగమునకంటె కంటి చూపునకు ఎక్కువ లోబడియున్నది.

“ఇది బొమ్మలాట, నిజమైన పరుగులో వేగమే గదా ముఖ్యము” అని కొందరనవచ్చును. నిజమైన పరుగునే చూతము. విశాఖపట్టణమునకు చెందిన తెలుగు యువతి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ పరుగులో మన దేశమునకు కీర్తి తెచ్చినది. ఆ పరుగులో 10 అడ్డంకులుండును, ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. బయలుదేరు గీతనుండి మొదటి అడ్డంకికి 13 మీటర్లు. అడ్డంకికి అడ్డంకికి నడుమ 8.5 మీటర్లు, ఆ నడుమ వేయవలసినవి మూడే అడుగులు. అడుగు కొంచెము పొట్టియైనను పొడుగైనను కాలు అడ్డంకికి తగులును. ఎంత వేగము కలవారికైనను ఆ మూడడుగుల తాళము తప్పిన పరుగు తప్పినట్లే.

ఆమె దాటినవి కొయ్య అడ్డంకులు మాత్రమే కావు. 2020లో మన రాష్ట్రమందే, మూడబిదిరెలో జరిగిన విశ్వవిద్యాలయముల పోటీలో ఆమె జాతీయ రికార్డుకంటె వేగముగా పరుగెత్తెను. నియమముల కారణముగా అది రికార్డుగా లెక్కకు రాలేదు. 2022 ఏప్రిలులో కోళికోడులో మరల అట్లే పరుగెత్తెను. వెనుకగాలి అనుమతించిన దానికంటె కించిత్తు హెచ్చుగా నున్నదని అదియు లెక్కకు రాలేదు. రెండుమార్లు కిరీటము చేతికంది జారిపోయినట్లయినది. ఆమె మరల మొదటి అడుగునుండి లెక్కపెట్టుకొనెను. 2022 మే నెలలో సైప్రస్ దేశమున 13.23 సెకండ్లలో పరుగెత్తి, ఇరువది సంవత్సరముల నాటి రికార్డును నిలకడగా తన పేర వ్రాయించుకొనెను. అదే సంవత్సరము అక్టోబరులో మన బెంగుళూరులోనే 12.82 సెకండ్లలో గమ్యము చేరి, 13 సెకండ్ల లోపల ఆ దూరమును దాటిన తొలి భారతీయ మహిళయైనది. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్పున బంగారు పతకము, ఆసియా క్రీడలలో వెండి పతకము గెలిచెను. 2024లో పారిస్ ఒలింపిక్సున ఆ పరుగులో పాల్గొనెను. మా వేపచెట్టు బాలునికిని ఆమెకును పోలిక యేమి అని నవ్వవద్దు. అడ్డంకిని చూచి, లెక్కించి, తాళము పట్టి దాటుట అనునది ఇరువురికిని ఒకటే పాఠము.

ఇప్పుడు మా ముఖ్యాభిప్రాయమును మనవి చేసెదము. ఆడి గెలిచినంత మాత్రమున బాలుడు ఆ పాఠమును నేర్చినట్లు కాదు. అదృష్టము చేతను గెలువవచ్చును, అలవాటు చేతను గెలువవచ్చును. “ఎట్లు గెలిచితివి?” అని అడిగినప్పుడు తన మాటలలో చెప్పగలిగినవాడే నేర్చినవాడు. ఆ మాటలు మన పిల్లలకు ఏ భాషలో వచ్చును? ఆటలో కనబడు అక్షరములు ఆంగ్లములోనున్నవి. కాని ఆ బాలుడు తన తోటివానికి పలకను గూర్చి చెప్పునప్పుడు “ఒరుగుతాది”, “క్రుంగుతాది”, “సరిదూగుతాది”, “అంచుకు పో” అనెను. ఇవి వాని అవ్వ కావడిని గూర్చియు, తక్కెడను గూర్చియు వాడు మాటలే. తరగతిలో పుస్తకపు మాటకు జంకి నోరు మూసికొన్న బాలుడు, ఇంటి మాట దొరకగనే శాస్త్రమును చెప్పినాడు. తెలుగు మాధ్యమములో చదువుటకు ఇంతకంటె వేరు సమర్థన మాకు అక్కరలేదు.

తలిదండ్రులలో కొందరు మా యొద్దకు వచ్చి, “కన్నడ రాష్ట్రములో నున్నాము, ఉద్యోగమునకు ఇంగ్లీషు కావలెను, ఈ తెలుగు చదువే మా బిడ్డకు అడ్డంకి కాదా?” అని అడుగుచుందురు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. మన పిల్లలకు ఇంట తెలుగు, కచేరీలోను బస్సులోను కన్నడము, పై చదువునకు ఆంగ్లము. 2015 నాటి చట్టము ప్రకారము రాష్ట్రమందలి పాఠశాలలలో కన్నడము నేర్పవలసినదే. నేర్చుట మనకును మేలే. మన చింతామణి తాలూకా కైవారమునకు చెందిన నారాయణప్పగారు తెలుగున కన్నడమున రెంట రచించి, రెండు భాషలవారికిని తాతయ్యయై నిలిచిరి. ఇతరుల బిడ్డలకంటె మన బిడ్డల దారిలో అడ్డంకులు ఎక్కువ యున్నవనుట సత్యము. కాని అడ్డంకి వేరు, గోడ వేరు. హర్డిల్స్ పరుగులో కాలు తగిలి అడ్డంకి పడిపోయినంత మాత్రమున పరుగెత్తువారిని తొలగింపరు. అడ్డంకిని తాకిన పడునట్లుగానే చేసియుంచిరి. కన్నడమున ఒక విభక్తి తప్పినను, ఆంగ్లమున ఒక క్రియ తప్పినను పరుగు ఆగనక్కరలేదు. మొదటి అడుగు గట్టి నేలమీద పడవలెను, అంతియే. ఆ గట్టి నేల మాతృభాష. దానిని విడిచి గాలిలో అడుగువేయుమని బిడ్డను తొందరపెట్టుట, మొదటి దశలోనే గుంపులోనికి త్రోసివేయుట వంటిది.

ఇంత చెప్పినందున ఫోనును రాత్రింబవళ్ళు పిల్లల చేతికి అప్పగింపుడని మా భావము కాదు. రాత్రి నిద్ర మాని ఆడు ఆట ఏ పాఠమును నేర్పదు. ఒకమారు ఓడిన కోపముతో పది మార్లు ఆడువాడు చూపును పోగొట్టుకొని వ్రేళ్ళను మాత్రము ఆడించుచున్నాడని గుర్తింపవలెను. ఇక డబ్బు సంగతి. ఫాల్ గైస్ ఆటలో బొమ్మకు వేషములను కొనుమని ఆశచూపుదురు. ఆ వేషము వేసినందున బొమ్మ ఒక్క అడుగైనను వేగముగా పోదు. పండుగకు క్రొత్తచొక్కా తొడిగిన యెద్దు ఎక్కువ దున్నునా? పందెపు డబ్బు ఒడ్డి ఆడు ఆటలు వేరు జాతివి. 2025 ఆగస్టులో మన పార్లమెంటు చేసిన చట్టము వానిని నిషేధించెను. ఈ రెండు జాతులను ఒక్కటిగా కలిపి తిట్టిన, పిల్లవాడు మన మాటను నమ్మడు. వేరుచేసి చెప్పిన, వినును.

కావున తలిదండ్రులకు మా మనవి ఒక్కటే. బిడ్డ చేతిలోని ఫోనును లాగికొనుటకు ముందు ప్రక్కన కూర్చుండి, “ఇది ఎట్లు దాటినావు, నాకు చెప్పు నాయనా” అని అడుగుడు. చెప్పగలిగిన యెడల వినుడు. ఆ పది నిమిషములు మీ యిరువురి మధ్య మంచి తెలుగు నడచును. చెప్పలేకపోయిన యెడల, “చెప్పగలిగినప్పుడు మరల ఆడుదువుగాని” అని ఫోనును తీసి పైన పెట్టుడు. ఇందులో కొట్టుట లేదు, తిట్టుట లేదు, న్యాయము మాత్రమున్నది.

విద్యార్థులారా! మీకును ఒక మాట. మీరు దాటిన ఒక్క అడ్డంకిని గూర్చి, దాని పేరు, అది కదలు తీరు, మీరు మొదట పడిన కారణము, పిదప దాటిన యుపాయము అను నాలుగింటిని అరపుటలో తెలుగున వ్రాసి తెండు. దానికి ఆంగ్లపు పేరుండిన మీరొక తెలుగు పేరు పెట్టుడు. బాగుగానున్న వానిని వచ్చు సంచికలో ప్రకటించెదము. వార్షిక క్రీడల దినమున మైదానములో గోనెసంచులతోను, పాత టైర్లతోను, వెదురు దూలములతోను నిజమైన అడ్డంకుల పరుగును మీరే ఏర్పాటు చేయుటకు వ్యాయామోపాధ్యాయులవారిని కోరెదము. ఒరుగు పలకను చేయుట ఎట్లో మా వేపచెట్టు శాస్త్రజ్ఞుడు చూపును.

ఆనాడు మేమును ఆ పలక ఎక్కుదుము. ఏ వైపునకు పోవలెనో ఇప్పుడు మాకు తెలియును.